మందు మొదలుపెట్టాడు

బ్లాక్‌టౌన్,
14 సెప్టెంబరు 2025

పూజ్యులైన జకరయ్య అన్నయ్యకు,

చెల్లెలు జ్ఞానకుమారి వందనములతో వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. నాలుగేళ్ళుగా ఈ మాటను మర్యాద కోసం వ్రాశాను. ఈసారి నిజం గనుక వ్రాస్తున్నాను. పెర్త్‌లో మీరూ, షీనా, అల్లుడుగారూ కుశలమని తలుస్తాను. మీరు నా ఫోను తీయడం మానేశారు గనుక ఉత్తరమే శరణ్యమైంది.

ముందుగా ఆ వాట్సాప్ సంగతి. మెల్విన్ సోమవారం నుంచి మందు మొదలుపెడుతున్నాడు, ప్రార్థించండి అని మార్చిలో కుటుంబ గ్రూపులో పెట్టాను. మన భాషలో ఔషధానికీ సారాయికీ ఒకే మాట అన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. మీరు ఆరాధనలో నిలబడి, మేనల్లుడు మళ్ళీ తాగుడులో పడ్డాడని కన్నీటితో ప్రార్థన చేయించారు. మరునాటి నుంచి మీ పియారా వాటర్స్ సంఘంలోని ఆంటీలందరూ ఫోన్లు చేసి నన్ను ఓదార్చారు. ఒకావిడ పరగడుపున మెంతులు నానబెట్టి ఇమ్మన్నది. మెల్విన్ అది విని, మెంతులకి కూడా జీపీ డాక్టరు రిఫరల్ కావాలా మమ్మీ అన్నాడు. ఇక్కడి సైన్యంతో కాబూల్ వెళ్ళి వచ్చాక వాడు వేసిన మొదటి జోకు అది.

అసలు సంగతి తెలిశాక మీ కోపం హెచ్చింది. ఎం.డి.ఎం.ఏ. అంటే కుర్రాళ్ళు పార్టీల్లో మింగే మత్తుబిళ్ళ కాదా, మందు మాన్పించడానికి మత్తా, ఇందుకేనా నీ చదువు అన్నారు. చదువు మాట వచ్చింది గనుక మనవి చేస్తున్నాను. పగలు వృద్ధాశ్రమంలో పనిచేసి, సాయంకాలపు తరగతులకు వెళ్ళి, నలభై దాటాక నర్సింగ్ డిప్లొమా సంపాదించినదానిని. పూర్తిగా చదివి తెలుసుకోకుండా కన్నబిడ్డను ఎవరి చేతుల్లోనూ పెట్టను. ఈ దేశంలో యుద్ధం మిగిల్చిన మనోగాయానికి, అంటే పి.టి.ఎస్.డి.కి, ప్రత్యేక అనుమతి పొందిన సైకియాట్రిస్టులే దీనిని ఇవ్వగలరు. ముందు తాగుడు ఆపించారు, గుండె పరీక్షించారు, వారాల తరబడి వాడితో మాట్లాడారు. ఇది అందరికీ పనిచేయదని కూడా డాక్టరమ్మే చెప్పింది. మామూలు మాత్రలూ కౌన్సెలింగూ అన్నీ అయిపోయాకనే మేము అక్కడికి వెళ్ళాము. ముల్లును ముల్లుతోనే తీయాలని మన నాన్నగారే అనేవారు. తీసే చెయ్యి ఎవరిదన్నదే నేను చూశాను.

ఆ సోమవారం పొద్దున వాడిని క్లినిక్‌లో దింపాను. కళ్ళకు గంతలు, చెవుల్లో సంగీతం, పక్కన ఇద్దరు థెరపిస్టులు. సాయంత్రం ఇంటికి తీసుకువస్తుండగా, స్టేషన్ దగ్గర ఎర్ర సిగ్నల్ పడ్డప్పుడు చెప్పాడు. కాబూల్ విమానాశ్రయం గేటు బయట, మురుగుకాలువలో నిలబడి ఒక తండ్రి తన పాపను ఎత్తి వాడి చేతికి అందించాడట. కాగితాలు లేవు, వెనక్కి ఇచ్చేయమని ఆజ్ఞ. వాడు ఇచ్చేశాడట. అప్పటి నుంచి ఆ తండ్రి ముఖం గుర్తుకు వచ్చేలోపే సీసా అందుకునేవాడట. ఆ రోజు మాత్రం ఆ ముఖాన్ని తప్పించుకోకుండా చూడగలిగాడట. ఆయన నన్ను తిట్టట్లేదు మమ్మీ, అసలు నన్ను చూడనేలేదు, పాపనే చూస్తున్నాడు అన్నాడు.

ఈలోగా పచ్చ దీపం వచ్చింది. వెనుక కార్లన్నీ హారన్లు మోగించాయి. వాడు ఉలిక్కిపడలేదు. ఆ విషయం నాకు ఇల్లు చేరాక తట్టింది.

తరువాతి వారాలు తేలికగా గడిచాయని చెప్పను. వాడు గదిలో తలుపేసుకుని ఏడ్చిన రోజులున్నాయి. చికిత్స మరి రెండుసార్లు జరిగింది. నేడు వాడు సీసా ముట్టడు, నిద్ర బిళ్ళలు లేకుండా నిద్రపోతాడు, నా పప్పుచారులో ఉప్పు తక్కువైందని వంక పెడతాడు. ఒక్క విమానం భయమే మిగిలింది. కాబూల్ నాటి ఆ ఇంజన్ల హోరు మళ్ళీ వినలేక, మెల్‌బోర్న్‌కైనా కారులోనే వెళ్ళేవాడని మీకు తెలుసు.

ఇంకొక్క మాట. ఇక్కడి రౌస్ హిల్‌లో షీనా పెళ్ళి విందునాడు, గోడకు ఆనుకుని తలుపు కనబడే కుర్చీ ఒక్కటే ఉంటే, మీరూ వాడూ ఒకేసారి దాని మీద చెయ్యి వేశారు. బంధువులు నవ్వారు. మీరిద్దరూ నవ్వలేదు. భారత శాంతి సేనలో శ్రీలంక వెళ్ళి మీరు తిరిగివచ్చిన నాటికి నేను గౌను తొడుక్కునే పిల్లను. ఆనాటి నుంచీ మీరు అలాంటి కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఎందుకని ఇంట్లో ఎవరమూ అడగలేదు. మెల్విన్‌కు మాత్రం అడగనక్కరలేకపోయింది.

షీనాకు నా ఆశీస్సులు. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవలెను.

మీ చెల్లెలు,
జ్ఞానకుమారి

తా.క.: కవరు మీద స్టాంపు లేదని మీరీపాటికి గమనించి ఉంటారు. దీనిని మీకిచ్చింది షీనా. షీనాకిచ్చినవాడు మీ ఇంటి ముందు కారులో ఉన్నాడు. అంటే, మీరీ మాట చదువుతున్నారంటే, నా కొడుకు సిడ్నీలో విమానమెక్కి పెర్త్‌లో దిగాడన్నమాట. మిమ్మల్ని ఏ వైద్యానికీ ఒప్పించడానికి రాలేదు. శ్రీలంక గురించి చెబితే వింటాడట. చెప్పకపోతే పక్కన ఊరికే కూర్చుంటాడట. కాఫీ చాలు. తలుపు తీయండి అన్నయ్యా. గోడ పక్క కుర్చీ మామయ్యదే, తలుపు వైపు వీపు పెట్టి నేను కూర్చుంటాను, అలాగే రాయి మమ్మీ అన్నాడు.