అయిదో అధ్యాయం దగ్గర ఆగిన రిబ్బను

ప్రభువునందు నిద్రించిన యాకోబు భార్యను, దేవమ్మను, డెబ్బై రెండేళ్ల దానను, జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లి నివాసిని. మోకాళ్లు మాట వినకున్నా తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, దస్తావేజు లేఖరి రామ్‌కిషన్‌కు చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నాకు చదువు రాదు. రాసిందంతా చదివించుకుని విన్నాను. నా తదనంతరం దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు కృపది. అది దవాఖానలో నర్సు. మొహమాటం లేని మనిషి.

1. ఇంట్లో రోడ్డు వైపు గదులు పెద్దకొడుకు సుదర్శన్‌కు, వెనక గదులు చిన్నకొడుకు సృజన్‌కు చెందుతాయి. వాకిలి ఇద్దరిదీ. దానికి అడ్డంగా గోడ కట్టే హక్కు ఎవరికీ లేదు.

2. అల్లం చేను చెరిసగం. బోరు సుదర్శన్ సగంలో ఉంది. పోయిన వేసవిలో నీళ్ల వంతు మీద మాటామాటా పెరిగి వాడు స్టార్టర్ డబ్బాకు తాళం వేశాడు. సృజన్ ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడడు, ట్యాంకరు తెప్పించుకుంటాడు. కాబట్టి, తమ్ముడి చేనుకు నీళ్లు వదిలే దాకా సుదర్శన్‌కు బోరు మీద హక్కు ఉండదు. (ఈ చివరి షరతును వేలిముద్ర వేయకముందే కొట్టివేయించాను. కారణం అయిదో అంశంలో ఉంది.)

3. యాకోబు బైబిలు సుదర్శన్ భార్య స్వప్నకు. యాకోబు పెట్టిన పద్ధతి ఇది: పొద్దున చాయ్‌కి ముందు ఒక అధ్యాయం చదవాలి. విన్నాక దాని ప్రకారం ఒక్కొక్కరు ఆ రోజు తాము చేయబోయే పని ఒకటి చెప్పాలి. ఎవరి పని కాకపోయినా మర్నాడు ఇంటిల్లిపాదికీ మళ్లీ అదే అధ్యాయం. పొరుగింటి మల్లప్ప మేకలు మా మొలకలు మేసినప్పుడు, క్షమించమనే అధ్యాయం దగ్గర యాకోబే క్షమించనని మొండికేశాడు. పాపం, పిల్లలకు ఆ అధ్యాయం కంఠతా వచ్చేసింది.

బోరుకు తాళం పడిన రోజు మేము మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ఉన్నాం. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని చెప్పే అధ్యాయం. ఆ సమాధానపడే పని కాలేదు గనుక, పేజీ గుర్తుగా పెట్టే ఎర్ర రిబ్బను ఇంకా అక్కడే ఉంది. కళ్లు మూసేలోపు ఆరో అధ్యాయం వినాలని నా కోరిక. స్వప్న హిందువుల ఇంటి నుంచి వచ్చిన పిల్ల. ఆమెకు ప్రార్థన చేయడం రాదని చర్చి సంఘంలో కొందరు మూతి తిప్పారు. వాళ్లెవరో నాకు బాగా గుర్తుంది. కొడుకులిద్దరూ మధ్యలోనే లేచి వెళ్లినా ఆమె ఒక్కతే నా పక్కన కూర్చుని, సుదర్శన్‌కు పక్క గదిలోకి వినపడేలా, రోజూ అదే అధ్యాయం చదివింది. బైబిలుతో పాటు నా చాప కూడా ఆమెకే.

4. యాకోబు కంబళి సృజన్‌కు. వాడికి చలి ఎక్కువ, చెప్పుకోడు. నా వెండి కడియాలు కృపకు. నన్ను యాకోబు పక్కనే సమాధి చేయాలి. పెట్టెను ముందు వైపు అన్నదమ్ములిద్దరూ పట్టాలి.

5. వేలిముద్ర కోసం ఈ పొద్దున రామ్‌కిషన్ వచ్చి కూర్చున్నప్పుడు స్వప్న చదువుతోంది. చదవడం ముగించి ఈ రోజు తన పని చెప్పింది: "తాళంచెవి తీస్కపోయి బోరు నేనే ఇడుస్త." గుమ్మంలో నిలబడ్డ సుదర్శన్ లోపలికి వచ్చాడు. చెయ్యి చాపి, "ఇటు తే, నేనే పోత" అన్నాడు. చాయ్ తాగకుండానే వెళ్లాడు. వాడు తిరిగొచ్చిన కాసేపటికి సృజన్ బురద కాళ్లతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అన్నా, నీళ్లు నువ్వే ఇడిసినవా?"

"నేనే. జర కూసో, చాయ్ తాగుదువు."

కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. రెండో అంశంలోని షరతును అప్పుడే కొట్టేయమన్నాను. బోరు ఇద్దరిదీ.

రేపు మా ఇంట్లో ఆరో అధ్యాయం. ఆ తర్వాత ఇంకా చాలా ఉన్నాయట. అన్నీ వినాలని ఉంది గనుక ఈ వీలునామా కోసం ఎవరూ తొందరపడవద్దు.

తేదీ: 9-6-2025, చిరాగ్‌పల్లి
దేవమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. మల్లప్ప, పొరుగింటి రైతు (మేకలు ఇప్పుడు కట్టేసే ఉంటాయి)
2. జగన్‌మోహన్, సంఘ పెద్ద