కిటికీ పక్కన గీసిన మనిషి

చెల్లీ,

నీ కంటి ఆపరేషన్‌కి తోడుంటానని మాటిచ్చాను గానీ, ఈ పురావస్తు శాఖవాళ్ళు నన్ను కదలనిచ్చేలా లేరు. ఆర్కిటెక్టులం కదా అని మీ బావగారూ నేనూ మురిసిపోతూ కట్టుకున్న ఈ చెరువుగట్టు ఇంటిని చారిత్రక కట్టడమని ప్రకటించారు. ఇక ఇల్లంతా మీ బావగారు మొదట గీసిన డ్రాయింగులో ఉన్నట్టే ఉండాలట. అందులో, స్టూడియో కిటికీ ఎంత ఎత్తో తెలియడానికి, పక్కన ఒక మనిషిని గీశారాయన. ముడి, కళ్ళజోడు, చేతిలో పెన్సిలు. నేనే.

పది నుంచి అయిదు దాకా నేనక్కడే నిలబడాలట. "మోకాళ్ళు లాగేస్తున్నాయి నాయనా, ఓ కుర్చీ వేయించు" అని అధికారిని బతిమాలాను. "డ్రాయింగులో కుర్చీ లేదండీ" అన్నాడు. మీ బావగారు బతికుండగా కూడా మేమెన్నడూ కుక్కని పెంచలేదు. గుమ్మం ముందు బోసిగా ఉందని ఆయన సరదాగా ఒకదాన్ని గీశారు. వీళ్ళు అచ్చం అలాంటిదాన్నే తెచ్చి కట్టేశారు. అది నాకంటే బుద్ధిగా ఉంటోంది.

పది రోజులు సెలవడిగితే, అయిదడుగుల రెండంగుళాల మనిషిని బదులు పెట్టి వెళ్ళమన్నాడు. మనవాళ్ళలో ఆ ఎత్తు నీ ఒక్కదానిదే. నువ్వొచ్చి ఇక్కడ నిలబడితే, నేనొచ్చి అక్కడ నీకు తోడుంటాను. ఎలా కుదురుతుందో నువ్వే చెప్పు.

నిన్న ఆ డ్రాయింగు మూలమూలా వెతికాను. నన్ను గీసి, లేని కుక్కని గీసి, ఆయన తనని మాత్రం ఎక్కడా గీసుకోలేదు. అందుకే కాబోలు, పోయినేడు ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళిపోగలిగారు.

మీ అక్క