ఆడిగాలికి ఎదురైన ఇల్లు

రాజపాళయం,
ఆడి నెల, శనివారం మధ్యాహ్నం.

అక్క పాదాలకు తమ్ముడు వెంకటపతి మొక్కి రాసేది.

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టాలి. తై నెలలో, సంక్రాంతి రోజుల్లో ఈ ఊరు వచ్చినప్పటి నుంచి నీకు రాసిన నాలుగు ఉత్తరాలూ అలాగే మొదలుపెట్టాను. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ మరదలు రామలక్ష్మికి ఆయాసం మళ్ళీ వచ్చింది. కంగారుపడకు, లేచి తిరుగుతోంది, రెండు పూటలా ఇంత గంజి తాగుతోంది. పడుకోవడం మాత్రం కుదరదు, గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోతోంది. కంగారుపడకు అని మళ్ళీ రాస్తున్నాను, నువ్వు పడతావని తెలిసే.

నువ్వెలా ఉన్నావు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? మన కరిసల్ నల్లనేలమీద ఒక్క చినుకైనా పడిందా? ఇక్కడ పడమటి కొండలు రోజంతా మబ్బులోనే ఉంటాయి. పొద్దుటి నుంచి సన్నటి సారల్ జల్లు, ఆ జల్లు వెనుక గాలి. ఆ గాలి గురించే ఈ ఉత్తరం.

నా పని ఎప్పటిలాగే ఉంది. అచ్చాఫీసులో పొద్దు పొడిచినప్పటి నుంచి సీసపు అక్షరాలు పేర్చడమే. పెళ్ళి పత్రికలు, మిల్లు వాళ్ళ నోటీసులు, అన్నిటికంటే ఎక్కువగా పంచాంగాలు. రాహుకాలం, యమగండం, ఏ దిక్కుకు ఏ రోజు వెళ్ళకూడదు, అన్నీ నా వేళ్ళతోనే పేర్చి ఊరికి పంచుతున్నాను. ఆదివారాలు సభల్లో నిలబడి అవన్నీ తప్పుడు రాతలని కేకలు వేస్తున్నాను. అచ్చాఫీసు నడిపే మా ముదలాళి నవ్వుతాడు. "సామీ, నువ్వు తిట్టే కొద్దీ మన పంచాంగం బాగా అమ్ముడు పోతా ఉండాది" అంటాడు. నాకు నవ్వు రాదు.

మేము ఈ ఊరు ఎందుకు వచ్చామో నీకు తెలుసు. మన ఊరి మట్టి దుమ్ము ఆమెకు సరిపడదు, కొండగాలి తగిలే చోట ఉంచమని డాక్టరు చెప్పాడు. పొలంలో నా భాగం అమ్మేశాను. అప్పుడు నువ్వు ఏడ్చావు, బావ నాతో మాట్లాడలేదు. సరే. అమ్మినది ఇంటి కోసం, ఆ ఇల్లు ఆమె ఊపిరి కోసం. అందుకే ఇల్లు వెదకడంలో ఏ లోటూ రానివ్వకూడదనుకున్నాను.

ఊరంతా తిరిగాను, అక్కా. ప్రతి వీధిలో బావి నీళ్ళు నోట పోసుకొని చూశాను, ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అని. వాన నీరు ఎటు పారుతుందో అడిగాను. మిల్లు సంగు కూత ఎంత దగ్గరగా వినిపిస్తుందో నిలబడి విన్నాను. చాలా చోట్ల ఇల్లు చూపించక ముందే "మీరు ఏ వాళ్ళు?" అని అడిగారు. మనుషులమని చెప్పాను. తలుపులు మూసుకున్నారు. ఆ కోపం ఇంకా చల్లారక ముందే ఈ ఇల్లు కనిపించింది.

ఒక పొడవైన వీధి పడమటి నుంచి తిన్నగా వచ్చి ఈ ఇంటి గడపకు తగిలి ఆగిపోతుంది. వీధిపోటు ఇల్లు. ఆ ఒక్క కారణానికి అయిదేళ్ళుగా ఎవరూ కొనలేదు, అద్దెకు కూడా రాలేదు. బావి నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉన్నాయి. రెండు గదులు, మంచి మిద్దె. అచ్చాఫీసుకు నడిచి పోవచ్చు. అమ్మేవాడికి మా కులం అడిగే ఓపిక కూడా లేదు, ఎవరైనా తీసుకుంటే చాలని ఉన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఊరి మూఢత్వం నాకు మంచి ఇల్లు మిగిల్చిందని మురిసిపోయాను. నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆ మాటే రాశాను కదా.

వీధి మలుపులో ఇడ్లీలు అమ్మే గురువమ్మ అవ్వ అప్పుడే చెప్పింది. ఆమె మాటలు ఇప్పుడు అక్షరం అక్షరం గుర్తుకు వస్తున్నాయి.

"వేండా నాయినా, వద్దు. అది తెరుకుత్తు యిల్లు. మునుపు వాకిట్లో పిళ్ళయారు గోడ ఉండినాది, బండి తగిలి పడిపోయినాది. మళ్ళా ఎవురూ కట్టలా. పిళ్ళయారు లేకుండా ఆ యింట్లో ఎవురూ నిలిచింది లేదు."

"వినాయకుడు ఏం చేస్తాడు అవ్వా, దయ్యాలకు అడ్డం పడతాడా?" అన్నాను.

"నాకేమి తెలుసు. యిప్పుడు అంతా బాగానే ఉంటాది. ఆడిలో వచ్చి చూడు, అప్పుడు కొను."

ఆడి మంచి నెల కాదు, ఆ నెలలో కొత్త ఇల్లు చేరకూడదనే పాత పాటే పాడుతోందనుకున్నాను. అక్కడే నిలబడి ఆమెకు ఒక పూట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఇడ్లీలు చల్లారిపోయాయి. చివరకు "సరి నాయినా, నీ యిష్టం" అని మూత పెట్టుకుంది.

ఆడి వచ్చింది. గాలి వచ్చింది. కొండ కనుమలోంచి దిగిన గాలికి ఆ వీధి ఒక గొట్టం. ఆ గొట్టం మొదట్లో పత్తిలో గింజలు తీసే మిల్లు, దాని పెరట్లో ఆకాశం కింద ఆరబోసిన పత్తి. చివర్లో మా తలుపు. బండ్ల దుమ్ము, దూది నూగు, పేడ పొడి, అన్నీ కలిసి తిన్నగా మా వంటగది దాకా వస్తాయి. సారల్ పడ్డప్పుడు కాసేపు అణుగుతాయి, ఎండ తగలగానే మళ్ళీ లేస్తాయి. అన్నం మీద నూగు, పక్కమీద నూగు, రామలక్ష్మి కనురెప్పల మీద నూగు. తలుపు మూస్తే పొయ్యి పొగ బయటికి పోదు, తెరిస్తే ఇది. తడి గోనె వేలాడదీశాను. గంటలో ఆరి చిరుగుతుంది.

ఏ దుమ్ము నుంచి తప్పించాలని మన మట్టి అమ్మానో దానికంటే చెడ్డ దుమ్ములో ఆమెను నా చేతులతో కూర్చోబెట్టాను. తై నెలలో చూశాను, ఆకు కదలని నెలలో. బావి చూశాను, కాలువ చూశాను, మిల్లు చూశాను, గాలిని చూడలేదు.

నాకు వీళ్ళమీద కోపం తగ్గలేదు, అక్కా, అది నిజం. ఆ వీధిలో గాలి కొడుతుందని ఒక్కడైనా తిన్నగా చెప్పలేదు. చెడు అన్నారు, దోషం అన్నారు, యముడు అన్నారు. మన పెద్దలు కారణాన్ని ఎక్కడో జారవిడుచుకొని భయాన్ని మాత్రం చేతులు మార్చుకుంటూ ఇంత దూరం మోసుకొచ్చారు. అది నేరం కాదా? కానీ ఆ మూటను విసిరేసేటప్పుడు లోపల ఏముందో విప్పి చూడవలసింది నేను. చదువుకున్నవాణ్ణి నేను. ఇడ్లీలు అమ్ముకునే అవ్వ "ఆడిలో వచ్చి చూడు" అన్నది. దానికంటే తిన్నగా ఎవరు చెప్పగలరు?

ఇల్లు అమ్మేద్దామంటే కొనేవాడు లేడు. నాలాంటి వాడు ఇంకొకడు దొరకాలి.

గడప ముందు మూడు అడుగుల దూరంలో తలుపంత ఎత్తున ఒక గోడ కడితే గాలి రెండుగా చీలి పోతుందని మేస్త్రి చెప్పాడు. ఆ చోటు వీధిది. బండ్లు తిరిగే చోటు. పోయిన శుక్రవారం వీధివాళ్ళను అడిగాను. వీధి పెద్ద సుబ్బరాజు గారు ఓపికగా విన్నారు.

"గోడ కట్టుకో అప్పా, ఎవురు వద్దన్నారు? అందులో మాడం గూడు పెట్టి పిళ్ళయార్ని కూర్చోబెట్టు. తెరుకుత్తు యింటికి ఆ గోడ వీధే ఇస్తాది, బండ్లు సుట్టుకొని పోతాయి. ఎప్పుడూ అంతే."

"ఉత్త గోడ అయితే?"

"ఉత్త గోడ నీ గోడ. వీధిలో నీ గోడ ఎట్ల?"

"మనిషి ఊపిరికి ఇవ్వని చోటు రాతికి ఇస్తారా?" అన్నాను. సభలో అయితే చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆయన కోపగించలేదు. "నువ్వు ఈ పొద్దు ఉంటావు, రేపు అమ్ముకొని పోతావు. నీ వెనకాల వచ్చేవాడు ఆ గోడకు కప్పు వేసుకొని అంగడి పెడతాడు. పిళ్ళయారు గోడకు ఎవుడూ కప్పు వెయ్యడు. నా మాట కాదు, వీధి మాట" అన్నారు.

నేను చాలా మాట్లాడాను. కారణాన్ని జారవిడుచుకున్నారని వాళ్ళను తిడుతూ వచ్చినవాణ్ణి, ఆయన కారణం చెప్పిన తర్వాత కూడా మాట్లాడాను. ఇంటికి వచ్చేసరికి రామలక్ష్మి మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చుంది.

"గెలిచినారా?" అంది.

ఆరిన గోనె తీసి తడపబోయాను. ఆమె ఊపిరి కూడదీసుకొని, "మీరు సభలో చెప్పేదంతా నాకు సమ్మతమే. ఇన్నేళ్ళలో ఒక్క పూజ అడిగినానా? ఇప్పుడూ పూజ అడగలా. గోడ అడుగుతున్నా" అంది. ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి నెలయింది.

మరునాడు గురువమ్మ అవ్వ దగ్గరకు వెళ్ళాను. పిళ్ళయారు ఎక్కడ దొరుకుతాడని అడగడానికి నా నాలుక ఎంత బరువెక్కిందో నీకెలా చెప్పను.

"కొని తెచ్చినవాడు నిలవడు. దొంగతనంగా తెచ్చినవాడే గట్టిగా కూర్చుంటాడు, అదే మా వాడిక. సత్రపట్టి దోవలో రెండు మూడు ఉండాయి. దేవుడే లేడంటావు, ఎత్తుకొచ్చేదానికి నీకేమి భయం?" అంది. తర్వాత నా ముఖం చూసి, "పావం, ఆ బిడ్డ ఎట్ల ఉండాది?" అని ఆకులో రెండు ఇడ్లీలు కట్టి ఇచ్చింది.

దొంగిలించను. కొనను కూడా, కొంటే అచ్చాఫీసులో పంచాంగం పేర్చినట్టే అవుతుంది. గోడకు పునాది తీయించాను, ఇటుకలు వచ్చాయి, మేస్త్రి మాడం ఎంత వెడల్పు పెట్టాలని అడుగుతున్నాడు. అందుకే నీకు రాస్తున్నాను.

మన కొట్టం గోడలో నాన్న పెట్టిన పిళ్ళయారు రాయి ఉండేది కదా. ఇరవై రెండేళ్ళ వయసులో నాన్నతో వాదించి, ఆయన కళ్ళ ముందే దాన్ని పెకలించి పేడదిబ్బలో విసిరాను. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు రాయి అక్కడ కనిపించలేదు. ఎవరు తీశారని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాన్న పోయిన రోజు గంజికి జొన్నలు తీయబోతే గాదె వెనుక గోనెలో చుట్టి కనిపించింది. పసుపు ఇంకా తడిగా ఉంది. చూడనట్టు వచ్చేశాను.

అది ఇంకా నీ దగ్గరే ఉంటే, నాకు కావాలి, అక్కా. నేను మారిపోయానని అనుకోకు, నేను మొక్కను, ఎవరైనా కొబ్బరికాయ కొడితే లోపలికి వెళ్ళిపోతాను. గాలి ఇంకా రెండు నెలలు కొడుతుందట. గోడ ఈ వారంలో లేవాలి. నువ్వు ఇవ్వనంటే దాని మీద నాకేమీ హక్కు లేదు, ఒప్పుకుంటాను. ఇస్తే, ఇక్కడి మిల్లుకు వచ్చే మన ఊరి పత్తి బండిలో పంపు. బావకు నువ్వే చెప్పు. ఆయన నవ్వుకోవచ్చు, ఈసారి నేను ఎదురు మాట్లాడను.

రామలక్ష్మి నిన్ను అడిగినట్టు రాయమంది. వీలైతే కాస్త కరక్కాయ, తిప్పతీగ కూడా అదే మూటలో పెట్టమంది. చిన్నమ్మకు, మేనత్తకు నా నమస్కారాలు. పిల్లలను దగ్గరకు తీసుకున్నానని చెప్పు. నీ దీవెన నాకు అక్కరలేదని ఒకప్పుడు అన్నాను. ఆమెకు కావాలి, పంపు.

రాయిని గడ్డి మధ్యలో పెట్టి కట్టు. తొండం కొన అప్పుడే నా చేతిలో విరిగింది, మిగిలినది విరగకుండా చూడు.

నీ తమ్ముడు,
సు. వెంకటపతి