పెద్దామె చెనిక్కాయ పొడి

అక్కా,

ఎమ్మిగనూరు ఇంటి నుంచి నీ సవతి రాస్తోంది. నువ్వు పోయిన రెండేళ్లకు ఆయన నన్ను చేసుకున్నారు. నీ పేరున నా మెడలో కట్టిన సవతి బిళ్లనైనా ఓర్చుకున్నాను గానీ, జొన్నరొట్టె పెట్టిన ప్రతిసారీ ఆయన అనే మాట ఓర్చుకోలేకపోయాను.

"పొడి బాగుండాది గానీ, పెద్దామె సేసినట్ల లేదు."

చెనిక్కాయ విత్తనాలు సన్నసెగ మీద దోరగా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో దంచేదాన్ని. ఇంకేం తక్కువో తెలిసేది కాదు. నిన్న పట్టుబట్టి అడిగితే అత్త నవ్వింది.

"ఆయమ్మ పెనం మింద ఇత్తనాలేసి, మగ్గానికి నూలు కండెలు సుట్టేకి కూర్సుంటాండె. అవి మాడినాకే లేస్తాండె లేమ్మా!"

ఇన్నేళ్లూ నేను కుళ్లుకున్నది నీ చేతి పనితనానికి కాదు, నీ పరధ్యానానికి!

ఈ రోజు నీ పేరున విస్తరి పెట్టాం. ఆయన కోసం కావాలనే విత్తనాలు మాడ్చి దంచాను. మూడు రొట్టెలు తిని, "ఇదీ పొడంటే!" అన్నారు. ఆ మెప్పు కూడా నీకే పోయింది.

నీ విస్తరిలో మాత్రం దోరగా వేయించిన నా పొడే వడ్డించాను. తిని, ఎవరిది బాగుందో నువ్వే చెప్పు. చెప్పకపోతే నాదే బాగున్నట్టు.