ఎడారికి కొబ్బరితాడు

లాలాగూడ, సికింద్రాబాదు
12-7-83

అమ్మకు వందనాలు. తమ్ముడు క్షేమం. ముందు ఆ ముక్క చదివి, తర్వాత కళ్ళజోడు తుడుచుకో.

మన రేవు ఊబిలోలాగా ఎడారి ఇసుకలో వాడు కుంగిపోతే లాగడానికని నువ్వు పంపిన కొబ్బరితాడు చేరింది. లిబియాలో వాడుండే నేలను అరబ్బులు "హమాదా" అంటారట. మా బడి అట్లాసులో అది రాతి పీఠభూమి. అక్కడ నాలుగేళ్ళు లారీ నడిపి వచ్చిన పక్కింటి షంషీర్ గారిని అడిగితే నవ్వారు. "ఇసుక ఏడుందమ్మా? మన మౌలాలి గుట్టను చదును చేసి పరిచినట్టుంటది. ఉత్త బండ. మనిషి కాదు, డేరా మేకు సుత దిగదు. అమ్మను పరేషాన్ కావొద్దను" అన్నారు.

కాబట్టి శుక్రవారం ఉపవాసాలు చాలించి షుగరు మాత్రలు వేసుకో. ప్రేమమణి పిన్నికి కాలు తగ్గిందా? ఎండు రొయ్యలు పంపు, చింతపండు వద్దు.

తాడు మాత్రం తిప్పి పంపను. మేకులు దిగవు గనక డేరాలను పెద్ద రాళ్ళకు కడతారట, తాళ్ళు చాలవట. షంషీర్ గారి అల్లుడు ఆదివారం అక్కడికే వెళ్తున్నాడు, అతనికిస్తాను. కొసన నువ్వేసిన ముడి చూసి తమ్ముడే గుర్తుపడతాడు.

దేవుడు నీకు నిద్ర దయచేయుగాక.

నీ డోరా