ల్యాప్‌టాప్ అడిగిన ప్రశ్న

ఏవండీ,

మీరు ఫోనెత్తడం లేదు కాబట్టి మెయిల్ రాస్తున్నాను. ఒక్క ఫైలూ పోదని హామీ ఇచ్చి నిన్న నా ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. ఫైళ్లు భద్రంగానే ఉండి ఉంటాయి, తెరుచుకుంటేగా! మీరు పెట్టిన ప్రశ్నకు జవాబు చెప్పాలట: ‘నీకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఎవరు?’

నా పేరు కొట్టాను, తప్పంది. మన పాప పింకీ పేరు కొట్టాను, తప్పంది. మీ అమ్మగారి పేరూ తప్పేనట. ఇంకొక్కసారి తప్పితే మొత్తం చెరిపేస్తుందట. నా ప్రాజెక్టంతా అందులోనే ఉంది. మూడింటికి క్లయింటుకు చూపించాలి. గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి మీరు కొండాపూర్‌లో మన ఇంటికి చేరేసరికి సాయంత్రమవుతుంది.

ఆవిడెవరో ఇంటికొచ్చాక తేల్చుకుందాం. ముందు పేరు పంపండి.

ఇట్లు,
మీ మొదటి తప్పు జవాబు