పూలగోడ ఇల్లు కృపాకుమారికి

అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం మండలం, కానుగమాకులపల్లె కాపురస్తుడు, కీర్తిశేషులు సుంకప్ప కుమారుడు ముత్యాలప్ప అనే నేను, వయసు డెబ్బై నాలుగు, రాయించే మరణశాసనం ఏమనగా:

నాకు మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే జబ్బు లేదు. బుద్ధి స్థిమితంగా ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, మందు తాపించలేదు. ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివాను. మాట్లాడేది తక్కువ. నలుగురిలో చెప్పలేనివి ఉన్నాయి కాబట్టి దస్తావేజు లేఖరి ఓబిలేష్ చేత రాయిస్తున్నాను. మాటలు నావే ఉండాలని అతనికి ముందే చెప్పాను. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. ఇది నా తదనంతరమే అమలులోకి రావాలి.

నా భార్య సుంకమ్మ కాలం చేసింది. పెద్దకొడుకు రామాంజనేయులుకు కళ్యాణదుర్గంలో విత్తనాల అంగడి ఉంది. కూతురు హేమావతి, అల్లుడు జయరాముడు బత్తలపల్లెలో ఉంటారు. చిన్నకొడుకు కేశవ లారీ బోల్తా పడి చనిపోయాడు. అతని భార్య కృపాకుమారి మా ఊరి అంగన్‌వాడీలో టీచరు. పిల్లలు లేరు. నాతోనే ఉంటుంది.

1. మా నాయన నుంచి వచ్చిన చేనులో చట్టప్రకారం ఎవరి భాగం వారిది. నా వంతు మాత్రం రామాంజనేయులు, హేమావతి సమానంగా తీసుకోవాలి. వేరుశనగ వదిలిపెట్టి చీనీ (బత్తాయి) చెట్లు పెడతానని పెద్దోడు అంటున్నాడు. పెట్టుకోనీ. బోరులో నీళ్ళు చూసుకుని పెట్టుకోమని మాత్రం చెబుతున్నాను.

2. ఇల్లు నా స్వార్జితం. సేద్యం లేని దినాల్లో బండి చక్రాలకు, అంగళ్ళ బోర్డులకు, ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు వేసి కట్టుకున్నది. తూర్పున పాపన్న ఇల్లు, పడమర వీధి, ఉత్తరాన సందు, దక్షిణాన పంచాయతీ ఖాళీ జాగా. ఈ హద్దుల మధ్యనున్న ఇల్లు, వంటకొట్టం, వీధి గోడ, గోడ మీద నేను వేసిన పూలు, అన్నీ నా కోడలు కృపాకుమారికి దాన విక్రయాది సర్వహక్కులతో ఇస్తున్నాను.

కేశవ సంవత్సరీకం నాడు పెద్దోడు బంధువుల ముందు ఒక మాటన్నాడు. "తమ్ముడే లేనప్పుడు ఆయమ్మకు ఈడేం పని నాయనా? వాళ్ళ ఊరికి పంపించు" అన్నాడు. నేను తల వంచుకుని విస్తరి వైపు చూస్తూ ఉండిపోయాను. ముసలాయన ఒప్పుకున్నాడని అందరూ అనుకున్నారు. ఒప్పుకోలేదు. నాకు మాట రావడానికి కాలం పడుతుంది. ఇప్పుడు వచ్చింది.

ఈ అంశం రాసేటప్పుడు ఓబిలేష్ అలవాటుగా "వితంతువుగా ఉన్నంత కాలము అనుభవించి" అని మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే "కోడళ్ళకు ఇట్లనే రాస్తాం మామా" అన్నాడు. కొట్టేయించాను. ఆయమ్మ వయసు ముప్పై నాలుగు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా, చర్చికి పోయినా, వేరే ఊరికి ఉద్యోగానికి పోయినా ఇల్లు ఆమెదే. గోడకు సున్నం కొట్టుకోవాలనుకుంటే కొట్టుకోవచ్చు. నా పూలు ఉంచాలనే షరతు కూడా పెట్టడం లేదు.

3. ఆమెకే ఎందుకని అడిగేవాళ్ళ కోసం ఇది రాయిస్తున్నాను. కేశవ పోయినాక నేను అరుగు మీద నుంచి లేవడం మానేశాను. ఆ ఎండాకాలం కృపాకుమారి అంగన్‌వాడీ గోడల మీద పిల్లలకు బొమ్మలు వేసి, మిగిలిన ఆక్రిలిక్ రంగుల ట్యూబులు తెచ్చి నా పక్కన పెట్టింది. "ఊరికే కూర్చుంటే ఎట్ల మామా? ఇవి ఎండిపోతాండాయి, ఏమన్నా వెయ్యి" అంది. నాకు తెలిసింది కొమ్ముల రంగే. ఆ అలవాటున ఈ రంగులోనూ కిరసనాయిలు పోసి కలిపాను. విరిగిన పాలలాగా గడ్డలు కట్టింది. ఆమె చూసి, "ఇది నీళ్ళు తాగే రంగు మామా, కిరసనాయిలు తాపితే ఎట్ల?" అని నవ్వింది. కేశవ పోయినాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదటిసారి. మరుసటి రోజు లేచి చేని గట్టుకు పోయి తంగేడు పూలు చూసి వచ్చాను.

4. పటాలు. పాత పంచెలను చెక్క చట్రాలకు బిగించి, తెల్ల రంగు పూసి, వాటి మీద వేసినవి. అన్నీ ఎండాకాలం పూలే. మా నేలలో వాన కోసం కాచుకోకుండా పూసేవి అవే.

రేల పూల పటం హేమావతికి. చిన్నప్పుడు మేకల వెంట పోయి ఆ పసుపు గుత్తులు చెవులకు తగిలించుకుని వచ్చేది. వాళ్ళమ్మ తిట్టేది. నాకు మాత్రం బాగుండేది. అప్పుడు చెప్పలేదు.

అన్నింటికన్నా పెద్దదైన మోదుగ పూల పటం రామాంజనేయులుకు. "దీంట్లో పువ్వు యాడుండాది నాయనా?" అని అడిగాడు. అంగడిలో ఎదురు గోడకు తగిలించుకోమని చెబుతున్నాను. దగ్గర నుంచి చూస్తే ఎర్ర మరకలే. వాకిలి దాకా వెనక్కి పోయి చూస్తే చెట్టంతా మండుతూ కనబడుతుంది. వాడు ఎప్పుడూ పని మీద ఉంటాడు. వెనక్కి పోయి చూసే తీరిక వాడికి దొరకాలి.

తురాయి, నాగజెముడు, కాగితం పూల పటాలు ఇంటితో పాటు కృపాకుమారివి.

5. గోడ మీద మొదటి పూలు వేసిన రోజు పాపన్న నిలబడి చూసి, "ఏమప్పా, కోడి కెలికినట్ల ఉండాదే" అన్నాడు. ఆ మాట మీద కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదు. అతను గమనించలేదు, నేను ఎప్పుడూ మాట్లాడను కాబట్టి. అతనికి జిల్లేడు పూల పటం ఇస్తున్నాను. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండరాదని ఓబిలేష్ చెప్పాడు. సంతకం కావాలా, పటం కావాలా అని పాపన్నను అడిగాము. "సంతకం ఎవరైనా చేస్తారు లేప్పా" అన్నాడు. అందుకే కింద అతని పేరు లేదు.

6. మిగిలిన ట్యూబులు, వెడల్పు కుంచెలు, రంగులు కలుపుకునే స్టీలు తట్ట అంగన్‌వాడీ పిల్లలకు. వాళ్ళకు చెప్పవలసింది ఇదొక్కటే. మా ఊరి ఎండకు ఈ రంగు తట్టలోనే ఆరిపోతుంది. తడిగుడ్డ మీద పెట్టుకోవాలి, పొద్దున్నే వేయాలి. రేకులు ఒక్కొక్కటీ దిద్దుతూ కూర్చుంటే రంగు గట్టిపడి పలకైపోతుంది. పెద్ద కుంచెతో, గబగబా, భయపడకుండా వేయాలి. తప్పు పడితే ఆరనిచ్చి దాని మీదే ఇంకో పువ్వు వేయవచ్చు. నేను జీవితంలో భయపడకుండా చేసిన పని అదొక్కటే.

7. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత అల్లుడు జయరాముడికి అప్పగిస్తున్నాను. పెద్దోడు రెండో అంశం జరగనివ్వడేమోనని నా అనుమానం.

చదివి వినిపించిన తర్వాత చేర్చినది: పై రాతంతా నా పిల్లలు, అల్లుడు, కోడలు అరుగు మీద ఉండగా ఓబిలేష్ చదివాడు. రెండో అంశం చదివేటప్పుడు కృపాకుమారి కొంగు చివర నలుపుతూ కూర్చుంది. ఏడో అంశానికి రామాంజనేయులు లేచి నిలబడ్డాడు. "పెద్దకొడుకును నేనుండంగ అల్లుడెందుకు నాయనా? ఊళ్ళో నా మొగం యాడ పెట్టుకోవాల?" అన్నాడు. "నువ్వే చెయ్యి బావా, నాకేం పంతం లేదు" అని జయరాముడు అన్నాడు. ఓబిలేష్ మాత్రం కాగితం వదల్లేదు. "ఈ పని తీసుకుంటే ఇల్లు ఆయమ్మ పేరుకు మార్పించాల్సింది నువ్వేనన్నా. బాగా ఆలోచించుకో" అన్నాడు.

రామాంజనేయులు రెండో అంశం మళ్ళీ చదవమన్నాడు. పెళ్ళి మాట దాకా నిలబడే విన్నాడు. తర్వాత కృపాకుమారి వైపు తిరిగి, "మీటరు, ఇంటి పన్ను, అన్నీ నేనే మార్పిస్తాలేమ్మా. ఆఫీసుల చుట్టూ నువ్వు తిరగద్దు" అన్నాడు. ఆమె "సరే బావా" అంది. సంవత్సరీకం తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

పౌరుషానికి ఒప్పుకున్నాడో, మనసారా ఒప్పుకున్నాడో నేను అడగలేదు. ఏడో అంశంలో పేరు మార్చమని ఓబిలేష్‌తో అన్నాను.

దిద్దుబాటు: ఏడో అంశంలో "అల్లుడు జయరాముడికి" అన్నది కొట్టివేసి "పెద్దకొడుకు రామాంజనేయులుకు" అని చదువుకోవలెను. దాని కింది అనుమానం మాట కూడా కొట్టివేయడమైనది.

ఇది నా ఇష్టప్రకారం, మా ఇంటి అరుగు మీద, 2025 మే 19, సోమవారం నాడు రాయించి, విని, సంతకం చేసినది.

(సంతకం) ముత్యాలప్ప

సాక్షులు:
1. తిరుపాలమ్మ, కానుగమాకులపల్లె
2. బయమ్మ, అంగన్‌వాడీ ఆయా, కానుగమాకులపల్లె

రాసినది: ఓబిలేష్, దస్తావేజు లేఖరి, కళ్యాణదుర్గం

పై బాధ్యతకు, రెండో అంశానికి సమ్మతించి: (సంతకం) రామాంజనేయులు